పిల్లలతో బ్రిటనీ బీచ్‌కి వెళ్తున్నారా? ముందు సముద్రం టైమ్ చూసుకోండి

ఎండలు మొదలైతే చాలు, ఇదే ప్రశ్న వస్తుంది. "పారిస్ నుంచి పిల్లల్ని తీసుకుని రెండు రోజులు సముద్రానికి వెళ్లాలి. ఇండియా నుంచి అమ్మానాన్నలు కూడా వచ్చారు. పెద్ద అలలు వద్దు, జనం మరీ ఎక్కువ వద్దు. చిన్న బీచ్ ఏదైనా చెప్పండి." చెప్తాను, వెళ్తారు. మధ్యాహ్నానికి ఒక ఫొటో వస్తుంది: తడి ఇసుకలో ఒక పక్కకి ఒరిగిపోయిన పడవలు, కింద "సముద్రం ఏదండీ?" అని మెసేజ్.

సముద్రం ఎక్కడికీ పోలేదు. సాయంత్రానికి అక్కడికే వస్తుంది. ఈలోపు మీ రైలు టైమ్ అయిపోతుంది, అంతే.

విశాఖలో ఆటుపోట్ల తేడా రెండు మీటర్ల లోపే. ఆర్కే బీచ్‌కి పొద్దున వెళ్లినా సాయంత్రం వెళ్లినా సముద్రం దాదాపు అక్కడే ఉంటుంది, అక్కడ భయమంతా అలలతోనే. ఫ్రాన్స్ వాయవ్య మూలనున్న బ్రిటనీ ఉత్తర తీరంలో పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం ఆరు గంటల్లో ఏడెనిమిది మీటర్లు దిగుతుంది, మళ్లీ అంతా ఎక్కుతుంది. రెండంతస్తుల మేడంత నీళ్లు. అందుకే ఇక్కడ ఏ బీచ్‌కి వెళ్లాలన్న దానికంటే ఏ రోజు, ఏ గంటకి వెళ్లాలన్నదే ముఖ్యం.

ఉదాహరణకి ఒకే బీచ్ తీసుకుని మొత్తం చెప్తాను. పెరోస్ గిరెక్ ఊరికి చేరి ఉన్న ప్లూమనాక్‌లో సెయింట్ గిరెక్ బీచ్. గులాబీ రంగు గ్రానైట్ తీరంలో ఉన్న చిన్న మడుగులాంటి జాగా. ఎదురుగా కోస్టాయెరెస్ అనే దీవి, చుట్టూ గుట్టలుగా గులాబీ రాళ్లు. బయటి అలల్ని అవే ఆపేస్తాయి. ఐదేళ్ల పిల్లకి మోకాలి లోతు నీళ్లు దొరకాలంటే ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు.

కావలసినవి

- ఆ వారం ఆటుపోట్ల పట్టిక. ఫ్రాన్స్‌లో దీన్ని షోమ్ అనే సముద్ర సర్వే సంస్థ లెక్కగట్టి ఇస్తుంది. ఫోన్‌లో ఉచితంగా చూడొచ్చు. టూరిస్ట్ ఆఫీసులో చిన్న పుస్తకంగా కూడా దొరుకుతుంది.
- అందరికీ నీళ్లలో వేసుకునే చెప్పులు. రబ్బరు అడుగు ఉన్నవి, మడమ పట్టి ఉండేవి. హవాయి చెప్పులు పనికిరావు, మొదటి అడుగుకే ఊడిపోతాయి.
- పిల్లలకి పొట్టి చేతుల వెట్‌సూట్. డెకాథ్లాన్‌లో దొరుకుతుంది. జులై, ఆగస్టుల్లో కూడా ఇక్కడ నీళ్లు 16 నుంచి 18 డిగ్రీలే.
- గాలికి అడ్డం పెట్టుకునే చిన్న టెంట్ లేదా గుడ్డ తెర. గొడుగు తెచ్చుకుంటే దాని వెనక పరుగెత్తడమే సరిపోతుంది.
- ఒక స్వెటర్, ఒక రెయిన్‌కోట్. అవును, ఆగస్టులో కూడా.
- సన్‌స్క్రీన్. చల్లగాలికి ఎండ తెలియదు. ముక్కు, చెవులు, మెడ వెనక సాయంత్రానికి కమిలిపోతాయి.
- ఐదు లీటర్ల క్యాన్‌లో మంచినీళ్లు, కాళ్లు కడుక్కోవడానికి. ఫ్లాస్కులో వేడినీళ్లు, టీకి మాత్రమే కాదు, ఇంకో అవసరం కింద చెప్తాను.
- అందరికీ రెండో జత బట్టలు. "మేం నీళ్లలో దిగం" అన్న పెద్దవాళ్లకి కూడా.

బట్టల గురించి అడుగుతారు కాబట్టి: స్విమ్మింగ్ పూల్‌లో ఉన్నట్టు వదులు షార్ట్స్ వద్దు, అది వద్దు, ఇది వద్దు అనే నియమాలు సముద్రంలో లేవు. లెగ్గింగ్స్, టీషర్ట్‌తో దిగినా ఎవరూ ఏమీ అనరు. కాటన్ మాత్రం వద్దు. ఒకసారి తడిస్తే ఆరదు, గాలికి వణుకు పుడుతుంది. చీర కట్టుకున్న అత్తయ్యగారు పాదాలు తడుపుకోవడానికి దిగితే, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని దిగమనండి.

1. రోజు ఎంచుకోండి: తెలుగు క్యాలెండర్ చాలు

ఇంట్లో గోడకి తిథులున్న క్యాలెండర్ ఉందా? దాంతోనే సగం పని అయిపోతుంది.

పౌర్ణమి, అమావాస్య దాటిన ఒకటి రెండు రోజులకి, అంటే విదియ ప్రాంతంలో, పోటు చాలా పెద్దది. అష్టమి దాటిన రెండు రోజులకి, దశమి ప్రాంతంలో, పోటు బాగా చిన్నది. ప్రపంచంలో చాలా తీరాల్లో ఇలాగే ఉంటుంది. ఈ తీరానికి మాత్రం ఇంకో సుగుణం ఉంది: పెద్ద పోటు రోజుల్లో నిండు పోటు ఎప్పుడూ పొద్దున, రాత్రి వస్తుంది. వేసవి సమయం (గడియారాలు గంట ముందుకి జరిపిన సమయం) ప్రకారం ఉదయం ఏడున్నర, ఎనిమిదిన్నర మధ్య. అంటే మధ్యాహ్నం ఒకటిన్నర, రెండున్నర ప్రాంతంలో నీళ్లు పూర్తిగా వెనక్కి పోయి ఉంటాయి. చిన్న పోటు రోజుల్లో దీనికి తలకిందులు. మధ్యాహ్నం పూట నీళ్లు నిండుగా ఉంటాయి.

కాబట్టి:

పిల్లలు నీళ్లలో ఆడాలి, ఈత కొట్టాలి అంటే అష్టమి నుంచి ఏకాదశి దాకా వచ్చే రోజులు చూసుకోండి. నీళ్లు దగ్గరగా ఉంటాయి, మధ్యాహ్నం ఎండలో ఉంటాయి, గబగబా కదలవు. ఇసుక కూడా మిగులుతుంది.

రాళ్ల మధ్య గుంటల్లో పీతలు, రొయ్యపిల్లలు చూడాలి, ఇసుకలో నడిచి బీచ్‌లో బండ మీదున్న చిన్న గుడి దాకా వెళ్లాలి అంటే పౌర్ణమి, అమావాస్య దాటిన రోజులు. అప్పుడు మధ్యాహ్నం సముద్రపు అడుగే మీకు పార్కులా తెరుచుకుంటుంది.

రెండూ కావాలంటే రెండు రోజులుండి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చేసుకోవాలి. ఒక్క పగటి ట్రిప్పులో రెండూ ఇరికించకండి. పిల్లలు ఏడుస్తారు, పెద్దవాళ్లు విసుక్కుంటారు.

2. గంట ఎంచుకోండి

క్యాలెండర్‌తో వారం తేలింది. ఇప్పుడు పట్టిక తెరవండి. ఇక్కడే అందరూ పడేది.

పట్టికలో 'పీఎం', 'బీఎం' అని రెండు అక్షరాల గుర్తులుంటాయి. పీఎం అంటే మధ్యాహ్నం కాదు! ఫ్రెంచ్‌లో నిండు సముద్రానికి పెట్టిన గుర్తు అది. బీఎం అంటే నీళ్లు బాగా తగ్గినప్పుడు. "పీఎం 08:10" అని చూసి రాత్రి ఎనిమిదికి పోటు అనుకుని, పొద్దునే పిల్లల్ని దింపినవాళ్లున్నారు. గంటలు 24 గంటల లెక్కలో ఉంటాయి, అదొక్కటే చూడండి.

రెండోది, కొన్ని పట్టికల్లో వేసవి సమయం కలపరు. పైన ఎక్కడో చిన్న అక్షరాల్లో యూటీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్లస్ 1 అని ఉంటే వేసవిలో ఒక గంట మీరే కలుపుకోవాలి. యూటీ ప్లస్ 2 అని గానీ, స్థానిక సమయం అని గానీ ఉంటే అలాగే చదవండి.

పక్కనే కోఎఫిషియెంట్ అని ఒక అంకె ఉంటుంది. ఇది 20 నుంచి 120 దాకా ఉంటుంది, 70 సగటు. ఆ రోజు పోటు ఎంత పెద్దదో చెప్పే మార్కులన్నమాట. పసిపిల్లలతో వెళ్తే 40 నుంచి 65 మధ్య రోజు హాయి. 90 దాటితే నీళ్లు చాలా దూరం పోతాయి, తిరిగి వచ్చేటప్పుడు వేగంగా వస్తాయి. మార్చి, సెప్టెంబర్ నెలల్లో పగలు, రాత్రి సమానమయ్యే రోజుల చుట్టూ 100 దాటడం మామూలే, కొన్నేళ్లు 110 కూడా దాటుతుంది. అప్పుడు చూడ్డానికి అద్భుతం, కానీ చిన్నపిల్లల ఈతకి కాదు.

ఈతకి లెక్క: నిండు పోటుకి రెండు గంటల ముందు నుంచి రెండు గంటల తర్వాత దాకా. పోటు మధ్యాహ్నం 2:30కి అనుకోండి, మీరు పన్నెండున్నరకి బట్టలు మార్చుకుని సిద్ధంగా ఉండాలి.

రాళ్ల మధ్య తిరగడానికి లెక్క వేరు: పూర్తి ఆటుకి రెండు గంటల ముందు దిగండి, నీళ్లతో పాటే కిందికి వెళ్లండి. అట్టడుగు సమయం రాగానే వెనక్కి తిరగండి. "ఇంకా టైముంది కదా" అని ఉండిపోకండి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

ఎందుకంటే నీళ్లు ఒకే వేగంతో ఎక్కవు. ఆరు గంటల్లో ఆరు మీటర్లు ఎక్కే రోజు తీసుకుంటే, మొదటి గంటలో అర మీటరే. చూస్తే ఏమీ కదలనట్టే ఉంటుంది. రెండో గంటలో మీటరు. మూడు, నాలుగు గంటల్లో ఒక్కో దానిలో మీటరున్నర. పది నిమిషాలకి పాతిక సెంటీమీటర్లు! ఇసుక చదునుగా ఉన్న చోట అంచు మీ వైపు నడిచి వస్తున్నట్టే కనిపిస్తుంది. మొదటి గంట చూసి ధీమా పడినవాళ్లే మూడో గంటలో రాళ్ల మీద చిక్కుకుంటారు.

3. చేరడం

పారిస్ మోంపార్నాస్ స్టేషన్ నుంచి లానియన్‌కి రైలు. కొన్ని నేరుగా వెళ్తాయి, మిగతావాటికి గింగాఁ లేదా ప్లువారేలో మారాలి. మొత్తం సుమారు మూడున్నర గంటలు. లానియన్ నుంచి పెరోస్ గిరెక్ వైపు బస్సులున్నాయి, ఆదివారం తక్కువ. తిరుగు బస్సు టైమ్ ముందే చూసి పెట్టుకోండి. లానియన్ టెలికాం ఊరు, మనవాళ్లు ఎవరో ఒకరు అక్కడ ఇంజనీర్లుగా ఉంటారు. తెలిసినవాళ్లుంటే కారు సాయం అడగడానికి మొహమాటపడకండి.

కారులో అయితే పారిస్ నుంచి 500 కిలోమీటర్ల పైన. బ్రిటనీలోకి అడుగుపెట్టాక టోల్ ఉండదు. జులై, ఆగస్టుల్లో ప్లూమనాక్‌లో పది దాటితే పార్కింగ్ దొరకడం కష్టం. ఈ ఊరు 2015లో టీవీ పోటీలో 'ఫ్రెంచివాళ్లకి ఇష్టమైన గ్రామం'గా గెలిచింది, అప్పట్నుంచి పేరు ఇంకా పెరిగింది. జూన్, సెప్టెంబర్ నెలల్లో వెళ్లగలిగితే అదే తెలివైన పని. జూన్ చివర్లో అక్కడ సూర్యాస్తమయం రాత్రి పది దాటాకే. పార్కింగ్ ఖాళీ అయ్యాక, సాయంత్రం ఐదుకి వెళ్లినా మీకు ఐదు గంటల వెలుతురు ఉంటుంది.

4. దిగగానే చేసే నాలుగు పనులు

ముందు బోర్డు చూడండి. బీచ్ ప్రవేశం దగ్గర నీటి పరీక్ష ఫలితం అంటిస్తారు: చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు, బాగాలేదు అని నాలుగు తరగతులు. ఆ రోజుకి ఏదైనా నిషేధం ఉంటే అదీ అక్కడే. పెద్ద వాన కురిసిన మర్నాడు తప్పకుండా చూడండి.

జెండా చూడండి. ఆకుపచ్చ అయితే దిగొచ్చు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే దిగకూడదు. లైఫ్‌గార్డులు చూసుకునే హద్దుని ఇప్పుడు పైన ఎరుపు, కింద పసుపు ఉన్న జెండాలతో గుర్తిస్తారు. 2022కి ముందు ఇవి నీలం. పాత ఫొటోలు, పాత సలహాలు చూసి నీలం జెండా కోసం వెతక్కండి. అసలు జెండాయే లేకపోతే కాపలా లేదని అర్థం, సురక్షితం అని కాదు. వేసవిలో కూడా కాపలా పొద్దుటి నుంచి రాత్రి దాకా ఉండదు.

ఇసుక మీద ఎండిన నాచు గీత కనిపిస్తుంది. కిందటి పోటు అక్కడిదాకా వచ్చింది. చాప ఆ గీతకి పైన వేయండి. పోటు రోజురోజుకీ పెరిగే వారమైతే ఇంకో రెండు మీటర్లు పైకి. నీళ్ల పక్కనే అందంగా ఉందని కింద వేసుకుంటే, ఫోన్లు, డైపర్లు, పులిహోర డబ్బా అన్నీ ఎత్తుకుని పరుగెత్తాలి.

నాలుగోది పిల్లలతో చేయించండి. నీటి అంచున ఒక రాయి పెట్టి పదిహేను నిమిషాలు ఆగి చూడండి. రాయి మునిగితే పోటు, పొడిగా మిగిలి నీళ్లు దూరం జరిగితే ఆటు. మీరు పట్టిక సరిగ్గా చదివారో లేదో తేల్చే పరీక్ష ఇదే. పట్టిక ప్రకారం నీళ్లు తగ్గాల్సిన సమయంలో రాయి మునుగుతోందంటే ఎక్కడో గంట తేడా పడింది. మళ్లీ చూసుకోండి.

5. నీళ్లలోకి

ఒక్కసారిగా దూకనివ్వకండి. ఎండలో గంట పడుకుని, భోజనం చేసి, 17 డిగ్రీల నీళ్లలోకి దూకితే పెద్దవాళ్లకైనా కళ్లు తిరుగుతాయి. చేతులు, మెడ, పొట్ట తడుపుకుంటూ నెమ్మదిగా దిగాలి. చిన్నపిల్లలకి మొదటిసారి పది నిమిషాలు చాలు. పెదవులు నీలంగా మారినా, మాట తడబడినా వెంటనే బయటికి. "చలి లేదు" అని వాళ్లే చెప్తారు, నమ్మకండి. తుడిచి, పొడి బట్టలు వేసి, టోపీ పెట్టి, అరగంట తర్వాత మళ్లీ పంపండి.

గాలి నింపే పడవలు, ఫ్లెమింగోలు ఇంట్లోనే వదిలేయండి. గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే రోజు నీళ్లు అద్దంలా ఉంటాయి, అందరికీ ధైర్యం వస్తుంది. ఆ రోజే ఆ బొమ్మ పిల్లాడితో సహా బయటికి కొట్టుకుపోతుంది. ఎటు వీస్తోందో తెలియకపోతే గుప్పెడు పొడి ఇసుక జారవిడిచి చూడండి. పడవలు వచ్చిపోయే దారి వైపు ఈదకండి, పక్కనే రేవు ఉంది.

చెప్పులు ఎందుకన్నానంటే, పదునైన రాళ్లు ఒక కారణం. రెండోది ఫ్రెంచివాళ్లు 'వీవ్' అనే చేప. వేలెడంత ఉంటుంది, తడి ఇసుకలో కప్పుకుని పడుకుంటుంది, వీపు మీద విషపు ముల్లు. నీళ్లు తగ్గినప్పుడు ఒట్టి కాళ్లతో తొక్కితే నొప్పి ప్రాణం తీస్తుంది. ఇక్కడే ఫ్లాస్కు పనికొస్తుంది: ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పాదం అరగంట పెట్టి ఉంచండి, విషం వేడికి చెడిపోతుంది. నీళ్ల వేడి ముందు పెద్దవాళ్లు తమ చెయ్యి పెట్టి చూడాలి, నొప్పిలో పిల్లలకి కాలేది తెలియదు. ఐసు పెట్టకండి, కట్టు బిగించకండి. ఊపిరాడకపోయినా, ముఖం వాచినా 15కి (వైద్య అత్యవసర సేవ) గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

సముద్రంలో ఎవరైనా ఆపదలో ఉంటే, రాళ్ల మీద చిక్కుకుంటే 196. సముద్ర రక్షణ కేంద్రానికి నేరుగా వెళ్తుంది, ఉచితం. ఇది మొత్తం కుటుంబం ఫోన్లలో ఇప్పుడే ఎక్కించండి.

6. నీళ్లు పోయాక

నాకైతే ఈ బీచ్ అసలు అందం ఇప్పుడే. ఇసుకలోనే ఒక బండ, దాని మీద చిన్న రాతి మండపం, లోపల సెయింట్ గిరెక్ విగ్రహం. ఆరో శతాబ్దంలో వేల్స్ నుంచి వచ్చి ఇక్కడ దిగాడని చెప్పుకునే సాధువు. పోటులో చుట్టూ నీళ్లే. ఆటులో నడిచి వెళ్లొచ్చు.

పెళ్లి కావలసిన అమ్మాయిలు విగ్రహం ముక్కుకి సూది గుచ్చేవారు. అది నిలిస్తే ఏడాదిలో పెళ్లి. గుచ్చీ గుచ్చీ పాత చెక్క విగ్రహం ముక్కు అరిగిపోయింది. 1904లో గ్రానైట్ విగ్రహం పెట్టారు. దగ్గరికెళ్లి చూడండి, రాతి ముక్కు కూడా క్షేమంగా లేదు! మీ అమ్మాయి కోసం మీరు ప్రయత్నించకండి. ముట్టుకోకుండా చూసి రావడమే మర్యాద. బండ కింది భాగం నాచుతో జారుతుంది, పెద్దవాళ్లని ఇసుక మీదే ఉంచి చూపించండి.

ఎదురుగా దీవి మీద కోట ఉంది. పాతకాలపు రాజులది కాదు, బ్రూనో అబకనోవిచ్ అనే ఇంజనీరు, గణితవేత్త పందొమ్మిదో శతాబ్దం చివర్లో కట్టించుకున్న ఇల్లు. ఇప్పటికీ ప్రైవేటు ఆస్తి. ఇసుక తేలింది కదా అని అటు నడవకండి. లోపలికి రానివ్వరు, వెనక్కి వచ్చేటప్పుడు నీళ్లు అడ్డం పడతాయి. ఫొటో ఒడ్డు నుంచే బాగా వస్తుంది.

రాళ్ల గుంటల్లో పిల్లలకి ఒక్క నియమం: ఎత్తిన రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టాలి. అడుగున బతికే జీవాలు ఎండకి చచ్చిపోతాయి. బకెట్‌లో పట్టిన పీతని పదినిమిషాలు చూసి అక్కడే వదిలేయించండి. గుల్లలు ఏరి వండుకునే ఆలోచన ఉంటే మానుకోండి. సైజు పరిమితులు ఉన్నాయి, కొన్నిసార్లు ఆరోగ్య కారణాలతో నిషేధాలు ఉంటాయి, కడుపు పాడైతే ట్రిప్పు అంతా పాడు. గులాబీ రాళ్లు జేబులో వేసుకోకూడదు. తీరం నుంచి ఇసుక, గులకరాళ్లు తీసుకెళ్లడం నిషేధం. 30 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది, అక్కడే ఉండనివ్వండి.

పెద్దవాళ్లు ఇసుకలో కూర్చోలేకపోతే బీచ్ పక్క నుంచే కస్టమ్స్ వాళ్ల పాత కాలిబాట మొదలవుతుంది. ఒకప్పుడు దొంగ సరుకుని పట్టుకోవడానికి గస్తీ తిరిగిన దారి. పావుగంట నడిస్తే మెన్ రూజ్ లైట్‌హౌస్. 1944లో జర్మన్ సైన్యం పేల్చేస్తే, మళ్లీ ఆ గులాబీ రాయితోనే కట్టారు. అక్కడిదాకా చాలు. ఇదే బాట ట్రెస్ట్రావు బీచ్ దాకా వెళ్తుంది గానీ, పిల్లలతో రెండు గంటల పని, స్ట్రోలర్ అసలు వెళ్లదు.

7. తిండి

రెస్టారెంట్ల వంటగదులు మధ్యాహ్నం రెండుకి మూసేస్తారు, రాత్రి ఏడుకి గానీ తెరవరు. మీ ఈత టైమ్ సరిగ్గా భోజనం వేళకి పడితే ఏదో ఒకటి వదులుకోవాలి. ఇంటి నుంచి పెరుగన్నం, పులిహోర తెచ్చుకోండి, ఎవరూ వింతగా చూడరు. సీగల్స్ మాత్రం చూస్తాయి. చేతిలో చపాతీ చుట్ట కనిపిస్తే వెనక నుంచి వచ్చి తన్నుకుపోతాయి, డబ్బా మూత వెంటనే పెట్టేయండి.

బయట తినాలంటే గాలెట్. బక్‌వీట్ పిండితో దోశలా పల్చగా పోసి, అంచులు లోపలికి మడుస్తారు. ఇక్కడ మూడు జాగ్రత్తలు. 'కంప్లీట్' అని ఉన్నది శాకాహారం కాదు, అందులో గుడ్డు, చీజ్‌తో పాటు పంది మాంసం ఉంటుంది. "సాఁ జాంబోఁ" అనండి, తీసేసి ఇస్తారు. కొన్ని చోట్ల పెనానికి పాత పద్ధతిలో పంది కొవ్వు రాస్తారు. పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడిగి, వెన్నతో వేయమనండి. గిన్నెలాంటి కప్పులో వచ్చే సిడర్ ఆపిల్ జ్యూస్ కాదు, ఆల్కహాల్ ఉంటుంది. పిల్లలకి "జు ద పొమ్" అని అడగండి.

తీపికి కూయిన్ అమాన్. వెన్న, చక్కెర, పిండి, అంతే. ఒకటి కొని నలుగురు పంచుకోండి, షుగర్ ఉన్న నాన్నగారికి అంచు ముక్క మాత్రమే.

ఎక్కువగా వచ్చే ఇబ్బందులు

"వెళ్లేసరికి నీళ్లు లేవు, మళ్లీ వచ్చేదాకా ఉండలేం." ఆ తీరంలోనే ట్రెస్ట్రావుకి వెళ్లండి. పెద్ద బీచ్, నీళ్లు తగ్గినా ఇసుక మీద నడిచి అందుకోవచ్చు. లేదా అక్కడి నుంచి ఏడు దీవుల వైపు పడవ ఎక్కండి. గానెట్ పక్షులతో తెల్లబడిన రూజిక్ దీవిని పడవ నుంచే చూపిస్తారు, దానిమీద దిగనివ్వరు. పడవల టైమ్ కూడా పోటుని బట్టి మారుతుంది, ముందే అడగండి.

"కారు లేదు, మార్పులు లేని రైలు కావాలి." అయితే సెయింట్ మాలో వెళ్లండి. బోన్ సెకూర్ బీచ్‌లో సముద్రంలోనే గోడ కట్టిన ఈతకొలను ఉంది. సముద్రం వెనక్కి పోయినా అందులో నీళ్లు నిలుస్తాయి, ఆటుపోట్ల టెన్షన్ సగం తగ్గుతుంది. కానీ ఎదురుగా ఉన్న గ్రాండ్ బే దీవికి ఆటులో నడిచి వెళ్లి, పోటుకి అక్కడే ఇరుక్కుపోయేవాళ్లు ఉంటారు. ఒకవేళ అలా జరిగితే నీళ్లలో దిగి దాటాలని చూడకండి. పైకెక్కి, ఆటు వచ్చేదాకా కూర్చోండి.

"ఇసుక మీద పచ్చటి నాచు, కోడిగుడ్డు కుళ్లిన వాసన." వెనక్కి వచ్చేయండి. పొలాల ఎరువులు, పశువుల పేడ నుంచి వచ్చే నైట్రేట్లతో కొన్ని అఖాతాల్లో ఈ నాచు పేరుకుంటుంది. కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు వస్తుంది. లానియన్ పక్కనే ఉన్న సెయింట్ మిషెల్ ఆఁ గ్రేవ్‌లో 2009లో ఒక గుర్రం ఇలాగే చనిపోయింది, దాని రౌతు స్పృహ తప్పాడు. పైన ఎండిన పొరలా గట్టిగా కనిపించినా దాని మీద పిల్లల్ని నడవనివ్వకండి, కుక్కనీ వదలకండి. తాజాగా, నీళ్లలో తేలే కాస్త నాచుతో మాత్రం భయం లేదు.

"రోజంతా వాన." ముందు గంటసేపు ఆగండి. ఇక్కడ వాన చాలాసార్లు వచ్చిపోయే రకం. ఆగకపోతే ట్రెగాస్టెల్‌లో గులాబీ బండల మధ్యే కట్టిన అక్వేరియం ఉంది. కాస్త పెద్ద పిల్లలైతే ప్లుమర్ బోదూలో తెల్లటి బంతిలాంటి పెద్ద రాడోమ్ (యాంటెన్నాకి వేసిన కప్పు) చూపించండి. 1962లో టెల్‌స్టార్ ఉపగ్రహం ద్వారా అమెరికా నుంచి అట్లాంటిక్ మీదుగా వచ్చిన మొదటి టీవీ బొమ్మలు అందుకున్నది అక్కడే. టెలికాంలో పనిచేసే నాన్నలు పిల్లలకంటే ఎక్కువసేపు నిలబడతారు, రాత్రి బస్సు టైమ్ గుర్తుచేయండి.